గుల్మార్గ్‌లో ఆల్ మౌంటెన్ ఫ్రీస్టైల్ స్నోబోర్డు: పొద్దున జారుతోంది, మధ్యాహ్నం బంగారం. తప్పు బోర్డుదా, నాదా?

జయపురం కుర్రోడు | ఫిబ్రవరి 8, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, రాజస్థాన్ జైపూర్ కాదు, ఒడిశా కొరాపుట్ జిల్లా జయపురం. మంచు అంటే మాకు డిసెంబరులో దేవమాలి కొండ మీద కమ్మే పొగమంచే. అలాంటివాడిని ఇప్పుడు గుల్మార్గ్‌లో హీటర్ పక్కన కూర్చుని ఇది టైప్ చేస్తున్నా.

నాకిది మూడో శీతాకాలం. మొదటి రెండుసార్లు ఉత్తరాఖండ్‌లోని ఔలీ వెళ్లి అద్దె బోర్డుతో నేర్చుకున్నా. ఈసారి సొంత బోర్డు. పోయిన జూన్‌లో హైదరాబాదులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. పొడవు 155 సెంటీమీటర్లు, నడుము దగ్గర వెడల్పు 25.2. ముందూ వెనకా ఒకేలా ఉండే ట్విన్ ఆకారం. రెండు కాళ్ల మధ్య క్యాంబర్ అనే వంపు, కొసలు కొంచెం పైకి లేచి ఉంటాయి. ఫ్లెక్స్, అంటే గట్టిదనం, 10కి 5. నా బరువు 71 కిలోలు, బూటు యూకే 9.

రాయగడ నుంచి సమతా ఎక్స్‌ప్రెస్‌లో కింద బెర్తు కిందికి సరిగ్గా పట్టింది. ఎదురు సీటు పెద్దాయన సంచీ చూసి "వీణా బాబూ?" అని అడిగాడు. ఢిల్లీ నుంచి కట్రా, అక్కడ వందే భారత్ ఎక్కి శ్రీనగర్. చీనాబ్ వంతెన మీద అందరూ ఫోన్లు తీశారు, నేనూ తీశాను, అద్దంలో నా ముఖమే పడింది.

ఇక అసలు సంగతి. నిన్న పొద్దున తొమ్మిదిన్నరకి కొంగ్‌డోరి దగ్గర చదును చేసిన వాలు మీద దిగాను. రాత్రి గడ్డకట్టిన మంచు, గట్టిగా ఉంది. మడమ వైపు తిప్పిన మొదటి మలుపులోనే తోక పక్కకి పోయింది. సబ్బు నీళ్లు పోసిన గచ్చు మీద కాలేసినట్టే. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అంతే. అదే బోర్డు మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత, మంచు కాస్త మెత్తబడ్డాక, చెప్పినట్టు విన్నది. చిన్న గుట్ట వస్తే తోక నొక్కి ఎగిరితే చక్కగా లేచింది. ఎడమ కాలు ముందున్నా, తిప్పి కుడి కాలు ముందుకి పెట్టినా బోర్డుకి తేడా లేదు, తేడా అంతా నాకే.

ఈరోజు రాత్రంతా పడ్డ కొత్త మంచు. దారి పక్కన మోకాలి దాకా దిగుతోంది. అందులోకి వెళ్తే ముక్కు మునిగిపోతోంది. మునగకుండా వెనక్కి వాలితే పది నిమిషాల్లో వెనక తొడ మిరపకాయ రాసినట్టు మండింది.

ఈ రకం బోర్డు స్వభావమే ఇదా, లేక నేను మోసపోయానా? ఇంకా నాలుగు రోజులున్నాయి. తెలిసినవాళ్లు చెప్పండి.

సిరోంచ గోదారి | ఫిబ్రవరి 8, రాత్రి 9.35

అన్నా, మా దిక్కు మే నెల వస్తే 46 డిగ్రీలు. నీ పోస్టు చదివితెనే సల్లగైంది. ఒక్కటి అర్థం కాలే. ఆల్ మౌంటెన్ అంటే ఏంది, ఫ్రీస్టైల్ అంటే ఏంది? రెండు ఒక్క పలకల ఎట్ల పడతయి?

గుణుపురం టు డెన్వర్ | ఫిబ్రవరి 8, రాత్రి 10.20

సిరోంచ తమ్ముడూ, పెళ్లికీ పొలానికీ ఒకే జత చెప్పులు కొంటే ఎలా ఉంటుందో అలా. మంచు గుట్టలు, ఇనుప కడ్డీలు పెట్టిన పార్కులో ఎగరడానికి, ఆ కడ్డీల మీద జారడానికి చేసే ఫ్రీస్టైల్ బోర్డు పొట్టిగా, మెత్తగా, రెండు కొసలూ ఒకేలా ఉంటుంది. లోతైన మంచుకీ నిటారు కొండకీ చేసే ఫ్రీరైడ్ బోర్డు గట్టిగా ఉంటుంది, ముక్కు పెద్దది, తోక చిన్నది. వీటి నడుమ కొండంతా తిరగడానికి చేసినది ఆల్ మౌంటెన్. అందులో పార్కు వైపు మొగ్గినదే ఆల్ మౌంటెన్ ఫ్రీస్టైల్. అన్నీ చేస్తుంది, ఏ ఒక్కదాంట్లోనూ మొదటి ర్యాంకు రాదు.

జయపురం, నీ రెండు కష్టాలకీ కారణాలు వేరు. పొడి మంచులో ముక్కు మునగడం చాలావరకు బోర్డు స్వభావమే. గట్టి మంచు మీద జారడం మాత్రం ఇంత ఘోరంగా ఉండకూడదు. ఫ్లెక్స్ 5 ఉన్న క్యాంబర్ బోర్డు మామూలు వేగంలో పట్టు ఇవ్వాలి. ఒక పని చెయ్. బోర్డు తిరగేసి, స్టీలు అంచు మీద బొటనవేలి గోరు అడ్డంగా లాగు. గోరు పొడిలా రాలుతోందా, లేక నున్నగా జారిపోతోందా? ముక్కు దగ్గర, బైండింగుల (బూట్లు బిగించే పట్టీల) మధ్య, తోక దగ్గర, మూడు చోట్లా చూసి చెప్పు.

బరంపురం హవల్దార్ | ఫిబ్రవరి 8, రాత్రి 10.41

నేను ఫౌజీని, రిటైర్ అయ్యాను. గుల్మార్గ్‌లో రెండు శీతాకాలాలు స్కీల మీద ఉన్నాను. నిజం చెప్పాలంటే ఈ పలక వ్యవహారం కుర్రాళ్ల సరదా. స్కీ అయితే పడ్డప్పుడు బైండింగ్ ఊడిపోతుంది, కాలు బతుకుతుంది. స్నోబోర్డు ఊడదు, రెండు కాళ్లూ కట్టేసినట్టే. చదును నేల వస్తే ఒక కాలు విప్పి కుంటుకుంటూ పోవాలి. ఒక జత స్కీలు అద్దెకి తీసుకో బాబూ, నాలుగు రోజులు హాయిగా గడుస్తాయి.

గుణుపురం టు డెన్వర్ | ఫిబ్రవరి 8, రాత్రి 10.58

హవల్దార్ గారూ, ఆయన అడిగింది బోర్డు గురించి. ఆటో రిపేరు అడిగితే బస్సెక్కమన్నట్టుంది. మోకాలి కీలు దెబ్బలు స్కీలలోనే ఎక్కువ, బోర్డులో మణికట్టు దెబ్బలు ఎక్కువ. రెండింటికీ దేని బాధ దానికుంది.

బరంపురం హవల్దార్ | ఫిబ్రవరి 8, రాత్రి 11.05

మణికట్టు విరిగితే అన్నం ఎలా తింటావ్?

నిర్వాహకులు | ఫిబ్రవరి 8, రాత్రి 11.20

స్కీ గొప్పదా బోర్డు గొప్పదా అన్న వాదానికి వేరే చర్చ ఉంది, అక్కడ ఇప్పటికే 14 పేజీలు నిండాయి. ఇక్కడ బోర్డు సంగతే మాట్లాడుకుందాం.

పర్లాకిమిడి మాస్టారు | ఫిబ్రవరి 9, ఉదయం 6.15

నేను జన్మలో మంచు తొక్కలేదు. కానీ ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను. క్యాంబర్ అన్న మాట రాత్రి మా మనవడు వివరించాడు. అది మన లారీ కమానే కదా! బోర్డుని నేల మీద పెడితే మధ్యభాగం కొద్దిగా పైకి లేచి ఉంటుంది. మనిషి ఎక్కితే బరువుకి చదునవుతుంది. కమాను కట్ట తన ఆకారానికి తిరిగి రావాలని తోస్తుంది కాబట్టి ఆ ఒత్తిడి రెండు చివర్ల దాకా పాకి అంచు పొడుగునా మంచుని నొక్కుతుంది. తోక నొక్కి వదిలితే ఎగరగొట్టేదీ ఆ కమానే. రాకర్ అంటే దీనికి తిరగేసినది, ఉయ్యాల బల్లలా. కొసలు ముందే పైకి ఉంటాయి కనుక మంచు మీద తేలుతుంది, కానీ గట్టి నేల మీద పట్టు తక్కువ.

ఇక మలుపు ఎలా తిరుగుతుందంటే, బోర్డు నడుము సన్నం, కొసలు వెడల్పు. సాగదీసిన డమరుకం అనుకోండి. పక్కకి వాల్చి బరువు వేస్తే సన్నటి నడుము కిందికి వంగి, అంచు మొత్తం ఒక వృత్తఖండంలా మంచుని కోస్తుంది. ఆ వృత్తం వ్యాసార్థం ఎంత ఉంటుంది, ఎవరైనా చెప్పగలరా?

గుణుపురం టు డెన్వర్ | ఫిబ్రవరి 9, ఉదయం 7.02

మాస్టారూ, దండాలు. ఇంత బాగా నాకు ఇక్కడి కోచ్ కూడా చెప్పలేదు. ఈ సైజు బోర్డులకి సాధారణంగా 7, 8 మీటర్ల మధ్య ఉంటుంది. తక్కువైతే చిన్న చిన్న మలుపులు చురుగ్గా తిరుగుతాయి. ఎక్కువైతే పెద్ద మలుపు, వేగంలో నిలకడ. బోర్డుని ఎంత ఎక్కువ వాలిస్తే అసలు మలుపు అంత బిగుస్తుంది.

జయపురం కుర్రోడు | ఫిబ్రవరి 9, సాయంత్రం 6.40

గోరు పరీక్ష చేశా. ముక్కు దగ్గర కొంచెం రాలింది. బైండింగుల మధ్య అస్సలు లేదు, గాజు గాజులా నున్నగా జారింది. పైగా ఒక పక్కంతా సన్నటి తుప్పు చారలు. జూన్‌లో కొని అటక మీద పెట్టా, మా ఊరి వానాకాలం సంగతి మీకు తెలిసిందే, అటక మీద బియ్యం బస్తాకే బూజు పడుతుంది.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే నవ్వుతూ చెప్పాడు. ఆయన పార్కులో కడ్డీల మీద జారేవాడట. కడ్డీకి అంచు తగులుకుని పడిపోకుండా కాళ్ల మధ్య భాగాన్ని కావాలనే అరగదీశాడట. అది మామూలేనట. మామూలే అయితే అమ్మే ముందు చెప్పొచ్చు కదా స్వామీ!

గుణుపురం టు డెన్వర్ | ఫిబ్రవరి 9, రాత్రి 7.15

దొరికింది దొంగ. పార్కు వాళ్లు అలా చేయడం నిజంగానే మామూలు. రేపు పొద్దున బయల్దేరే ముందు దగ్గర్లో సామాన్లు అద్దెకిచ్చే షాపులో పదును పెట్టించు. ఆకురాయి ఊరికే చేత్తో పట్టుకుని రుద్దితే ఒప్పుకోకు, కోణం పట్టే గైడు ఉండాలి. కింది వైపు 1 డిగ్రీ, పక్క వైపు 1 లేదా 2 డిగ్రీలు చాలు. తుప్పు పైపైనే ఉంటే రబ్బరు రాయితో పోతుంది. ముక్కు, తోక పైకి లేచే చోట మాత్రం కొంచెం మొండిగానే ఉంచమను, లేకపోతే మలుపు మొదట్లోనే తగులుకుంటుంది.

బరంపురం హవల్దార్ | ఫిబ్రవరి 9, రాత్రి 8.02

పదును సరే. నాకు ఇంకో అనుమానం. నువ్వు భయంతో వెనక కాలి మీద వాలుతున్నావ్. స్కీలో కూడా కొత్తవాళ్లందరూ ఇదే చేస్తారు. వాలు చూడగానే ఒళ్లు వెనక్కి పోతుంది. బరువు వెనక్కి పోతే ముందు భాగం మంచుని నొక్కదు, తోక ఊడ్చుకుపోతుంది. రేపు మలుపు మొదలుపెట్టేటప్పుడు ముందు మోకాలు వంచి, బరువు ముందు కాలి మీదకి తెచ్చుకో. చూపు బోర్డు మీద కాదు, వెళ్లే చోటు మీద. మా ఉస్తాదు ఈ మాట రోజుకి యాభైసార్లు అరిచేవాడు.

పడితే అరచేతులు చాచకు. పిడికిలి బిగించి ముంజేతుల మీద పడు. మణికట్టు మాట నేను ఊరికే అనలేదు.

రాయగడ పిల్ల | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2.30

మధ్యలో వస్తున్నా, క్షమించండి. వచ్చే ఏడాది ఔలీ వెళ్లాలని ఉంది. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 54 కిలోలు. నేను కూడా ఇలాంటి బోర్డే కొనుక్కోవచ్చా? మా అన్నయ్య అయితే ముందు దేవమాలి గడ్డి మీద ప్రాక్టీసు చేద్దాం, ఎవరిదైనా పాత బోర్డు దొరికితే చాలు అంటున్నాడు.

గుణుపురం టు డెన్వర్ | ఫిబ్రవరి 10, రాత్రి 8.10

అన్నయ్యకి నా తరఫున ఒక దండం పెట్టు. గడ్డి మీద, ఇసుక మీద, గోపాల్‌పూర్ బీచిలో, ఎక్కడా వద్దు. బోర్డు అడుగు ఒక రకం ప్లాస్టిక్, అది రాళ్లకీ ఇసుకకీ గీతలు పడిపోతుంది. దేవమాలి గడ్డి కింద రాళ్లున్నాయి, బోర్డు పోతే పోయింది, పళ్లు మళ్లీ రావు.

కొనడం గురించి: మొదటి ఏడాది బోర్డు అద్దెకి తీసుకో. డబ్బుంటే ముందు బూట్లు కొను. మడమ లోపల పైకి లేవకూడదు, వేళ్లు ముందు అంచుకి ఆనీఆననట్టు ఉండాలి. బూటు వదులైతే ఎంత ఖరీదైన బోర్డయినా నీ మాట వినదు. సైజు చూసేది ఎత్తుని బట్టి కాదు, ప్రధానంగా బరువుని బట్టి. నీకు 142 నుంచి 146 మధ్య, ఆడవాళ్ల మోడల్ అయితే నడుము వెడల్పు కూడా చిన్న పాదానికి తగ్గట్టు ఉంటుంది. ఫ్లెక్స్ 3 లేదా 4. జయపురం బోర్డు లాంటి 5 నీకు మొదట్లో గట్టిగా అనిపిస్తుంది, కొద్దిగా తప్పు చేసినా అంచు తగిలించి పడేస్తుంది.

జయపురం కుర్రోడు | ఫిబ్రవరి 10, రాత్రి 9.25

పదును పెట్టించా. షాపు కుర్రాడు అంచు చూసి తల పట్టుకున్నాడు. ముప్పావు గంట పట్టింది. చివర్లో మైనం కూడా వేశాడు.

కొంగ్‌డోరిలో అదే టైము, అదే గట్టి మంచు. మడమ వైపు మొదటి మలుపు... పట్టింది! కర్ర మీద బాడిస దిగినట్టు కర్‌ర్ మని శబ్దం. రెండోది కొంచెం జారింది, అప్పుడు హవల్దార్ గారి మాట గుర్తొచ్చింది. నిజంగానే వెనక కాలి మీద కూర్చున్నట్టు నిలబడ్డా. ముందు మోకాలు వంచి చూశా, తోక బుద్ధిగా వెనకే వచ్చింది. పది మలుపుల్లో రెండు జారాయి. మొన్న పదికి పది.

అయితే ఒక హద్దు కనిపించింది. మేరీస్ షోల్డర్ చైర్‌లిఫ్ట్ నుంచి దిగేటప్పుడు కొంచెం ధైర్యం చేశా. ఫోన్‌లో తర్వాత చూస్తే వేగం గంటకి 50 కిలోమీటర్లు దాటింది. ఆ వేగంలో ముక్కు టకటకా కొట్టుకుంటుంది. పాత స్కూటరు గోతుల రోడ్డు మీద పోతున్నట్టు, వణుకు మోకాళ్ల దాకా వచ్చింది. 40 లోపు అయితే హాయి. చిన్న గుట్టలు, తొక్కి తొక్కి గుంతలు పడ్డ మంచు, ఇవన్నీ బోర్డే మింగేస్తోంది, దాని మెత్తదనం అక్కడ కలిసొచ్చింది. స్విచ్‌లో, అంటే కుడి కాలు ముందుకి పెట్టి, నాలుగు మలుపులు వరసగా తిప్పాను. అందులో మాత్రం ఇది నా కంటే చాలా ముందుంది.

బరంపురం హవల్దార్ | ఫిబ్రవరి 10, రాత్రి 9.40

శభాష్. 50 ఎందుకు బాబూ?

పర్లాకిమిడి మాస్టారు | ఫిబ్రవరి 11, ఉదయం 6.05

ఆ వణుకు ఎందుకో తేలికగానే అర్థమవుతుంది. కమాను మెత్తగా ఉంటే ఆటో, గట్టిగా ఉంటే లారీ. మెత్తటి కమాను చిన్న గతుకుని మింగుతుంది, కానీ వేగం పెరిగి గతుకులు వెంట వెంటనే వస్తే ఒక ఊపు ఆగేలోపే ఇంకో ఊపు. గట్టి బోర్డు అక్కడ నిలబడుతుంది, నెమ్మదిగా వెళ్తే మాత్రం మొద్దులా ఉంటుంది. కాబట్టి నాయనా, నీ బోర్డులో దోషం లేదు.

సిరోంచ గోదారి | ఫిబ్రవరి 11, ఉదయం 8.20

మాస్టారు సార్ మా స్కూల్ల ఉండి ఉంటే నేను ఫిజిక్స్‌ల ఫెయిల్ అయ్యేటోన్ని కాదు. అన్నా, లోతు మంచు సంగతేమాయె?

జయపురం కుర్రోడు | ఫిబ్రవరి 11, రాత్రి 8.50

వస్తున్నా వస్తున్నా. డెన్వర్ అన్న నాకు విడిగా మెసేజ్ పెట్టి, రెండు బైండింగుల్నీ ఒక వరస, అంటే 2 సెంటీమీటర్లు, తోక వైపు జరపమన్నాడు. స్క్రూడ్రైవర్ హోటల్లో దొరికింది, ప్రతి స్క్రూ రెండుసార్లు బిగించి చూసుకున్నా. జరిపితే ముందు ముక్కు పొడవు పెరిగినట్టు అవుతుంది, నా బరువు కొంచెం వెనక పడుతుంది, అంటే తొడ చేసే పని బైండింగులే చేస్తాయి.

ఫలితం: సగం సగం. ముక్కు మునగడం బాగా తగ్గింది. వేగం ఉన్నంతసేపూ తేలింది, ఆ తేలడం ఎలా ఉంటుందంటే... చెప్పలేను, కింద నేల లేనట్టే. వాలు తగ్గి వేగం పడిపోగానే మళ్లీ నడుము దాకా దిగబడ్డా. బయటికి రావడానికి పావు గంట పట్టింది. పక్కనే వెడల్పు ముక్కు, చీలిన తోక ఉన్న పౌడర్ బోర్డు మీద ఒకావిడ అదే చోట గాలిలా వెళ్లిపోయింది. చూస్తూ కూర్చున్నా, లేవలేను కాబట్టి. తొడ మంట తగ్గింది, పోలేదు.

తిరిగి గట్టి వాలుకి వస్తే బైండింగులు వెనక్కి ఉండటం వల్ల స్విచ్ చెడింది. మళ్లీ మధ్యకి జరిపేశా. రోజూ ఇలా జరుపుకుంటూ కూర్చోవాలంటే విసుగే.

రేపు ఫేజ్ 2 గోండోలా, అంటే రెండో దశ కేబుల్ కారు, ఎక్కి అఫర్వత్ కొండ మీదికి వెళ్దామా అని ఇక్కడ పరిచయమైన ఇద్దరు పిలుస్తున్నారు.

బరంపురం హవల్దార్ | ఫిబ్రవరి 11, రాత్రి 9.00

వద్దు. అది చదును చేసిన వాలు కాదు. దగ్గర దగ్గర 3,950 మీటర్లు, రెండు అడుగులేస్తే ఆయాసం. కొత్త మంచు పడి మూడు రోజులే అయింది. మంచుచరియ విరిగితే మీద పడేది దూది కాదు, సిమెంటు. ఒంటి మీద బీకన్ (ఎక్కడున్నావో సిగ్నల్ ఇచ్చే పరికరం), సంచిలో పార, మంచులో గుచ్చి వెతికే పొడుగాటి ప్రోబ్, వాటిని వాడటం వచ్చిన జతగాళ్లు, ఆ కొండ తెలిసిన గైడు, ఆరోజు కొండ మీద గస్తీ తిరిగే స్కీ పెట్రోల్ వాళ్ల అనుమతి. వీటిలో ఒక్కటి లేకపోయినా గోండోలాలో పైకెళ్లి, ఫొటో దిగి, గోండోలాలోనే దిగిరా. నేను అక్కడ మంచులోంచి మనుషుల్ని తవ్విన వాణ్ణి, ఇంతకంటే రాయను.

గుణుపురం టు డెన్వర్ | ఫిబ్రవరి 11, రాత్రి 9.12

ఈ విషయంలో హవల్దార్ గారి మాటే నా మాట.

జయపురం కుర్రోడు | ఫిబ్రవరి 12, రాత్రి 7.30

పైకెళ్లి, ఫొటో దిగి, గోండోలాలోనే దిగొచ్చాను. సాయంత్రం కొంగ్‌డోరిలో ఆఖరుగా రెండుసార్లు వాలు దిగాను. ఒక గుట్ట మీంచి ఎగిరి, గాల్లో సగం చుట్టు తిరిగి, స్విచ్‌లో దిగి నిలబడ్డా. చూసినవాళ్లు ఎవరూ లేరు, ఒక కుక్క తప్ప.

రాయగడ పిల్ల | ఫిబ్రవరి 12, రాత్రి 8.05

కంగ్రాట్స్! వచ్చే వానాకాలం బోర్డుని ఎక్కడ పెడతారో కూడా చెప్పండి, మా ఇంట్లోనూ అటకే ఉంది.

గుణుపురం టు డెన్వర్ | ఫిబ్రవరి 12, రాత్రి 8.44

అటక వద్దే వద్దు. పెంకులు, రేకుల కింద ఎండాకాలం వేడికి బోర్డు పొరలు అతికించిన జిగురు దెబ్బతినొచ్చు. మంచం కిందో, బీరువా వెనకో నీడపట్టున పెట్టుకోవాలి. ముందు బాగా ఆరబెట్టి, అడుగంతా మైనం దట్టంగా కరిగించి పూసి, గీకకుండా అలాగే వదిలెయ్యాలి. స్టీలు అంచుల మీదకి కూడా మైనం పాకాలి, అదే తుప్పుకి మందు. బైండింగుల స్క్రూలు వదులు చెయ్. మళ్లీ కొండ దగ్గరకి వెళ్లాక గీక్కోవచ్చు.

ఇస్త్రీ పెట్టె తక్కువ వేడిలో పెట్టి, ఒక్కచోట ఆపకుండా కదుపుతూ ఉండాలి. మైనం పొగ వస్తే వేడి ఎక్కువైనట్టు. బొగ్గుల పెట్టె మాత్రం వాడకండి, దాని వేడి మన చేతిలో ఉండదు.

జయపురం కుర్రోడు | ఫిబ్రవరి 17, రాత్రి 9.15

ఇల్లు చేరాను. నిన్న బోర్డు పెరట్లో రెండు కుర్చీల మీద ఆరబెడితే పక్కింటి మావుసి వచ్చి కొత్త ఇస్త్రీ బల్ల ఎంతకి కొన్నారని అమ్మని అడిగింది. మైనం పని ఇవాళ పూర్తయింది. అమ్మ ఇస్త్రీ పెట్టె తీసుకున్నా, ఆవిడ గుడికి వెళ్లిన టైము చూసి.

గుణుపురం టు డెన్వర్ | ఫిబ్రవరి 17, రాత్రి 9.31

ఆ పెట్టె మళ్లీ బట్టల మీద పెట్టకు. ఎంత తుడిచినా చీరకి మైనం అంటుతుంది.

జయపురం కుర్రోడు | ఫిబ్రవరి 17, రాత్రి 9.33

ఈ మాట సాయంత్రం చెప్పాల్సింది అన్నా.

సిరోంచ గోదారి | ఫిబ్రవరి 17, రాత్రి 9.34

పట్టు చీరనా?